అడివికి కలుపు తీసిన ఊరు

సుంకమ్మ మునుం పట్టిందంటే చేన్లో గరిక పోచ మిగిలేది గాదంట. మునుం అంటే మీకు తెలిసిందే గదా, తెలీని చిన్నోళ్ల కోసం చెప్తాండా. కలుపు తీసే ఆడోళ్లు చేనికి అడ్డంగా వరసగా గొంతుకూచుని ముందరికి జరుగుతా పోతాంటారు, ఆ వరసే మునుం. ఆ వరసకి కుడిచేతి కొసన కూచున్న మనిషి ఎంత జోరుగా పోతే మిగతావాళ్లంతా అంత జోరుగా పోవాల. ఎనకబడితే పదిమంది ముందర నగుబాటు. కొట్టాలపల్లెలో ఆ కొసన కూచునేది ఈ సుంకమ్మ. కలుపు తవ్వే తొలిక ఆమె చేతిలో కోడి ముక్కు మాదిరి ఆడేదంట, టకటకా టకటకా, మాట్లాడతా ఉన్నా ఆడేదంట, ఇంకో చేత్తో నీళ్లు తాగతా ఉన్నా ఆడేదంట. మనిషి సన్నగా, నల్లగా, మాట తక్కువ. ఒక మాట అనిందంటే మాత్రం దాన్ని ఎనక్కి తీసుకునేది గాదు. ఆమె మొగుడు మద్దిలేటి అనేవాడంట, మా ఇంట్లో రెండు గోడలుండాయబ్బా, ఒకటి మన్నుగోడ, ఇంకోటి సుంకి, మన్నుగోడయితే వానకైనా మెత్తబడతాది అని.

ఆ ఊరు ఊరంతా కలుపు తియ్యడంలో పేరుపడిన ఊరు. సంబంధం చూడటానికి పక్కూరోళ్లు వస్తే ఇల్లూ వాకిలీ చూసేవాళ్లు గాదంట, నేరుగా చేనికాడికి పోయి గట్టు మీద నిలబడి సాళ్లు చూసేవాళ్లంట. కొర్ర సాళ్ల మధ్య ఒక్క తుంగ కనపడిందా, ఈ ఇంట్లో సోమరోళ్లు ఉండారు పదండి అని మజ్జిగ కూడా తాగకుండా తిరిగి పొయ్యేవాళ్లంట. అట్లాంటి ఊరు అనుకో. ఊరికి పడమర ఒక కొండ ఉండె. ఉత్త రాళ్ల కొండ గాదు, మానులుండే కొండ. టేకు ఉండె, ఏపి ఉండె, వేప గాదు, ఇనుము మాదిరి గట్టి మాను, చిరుమాను ఉండె, మోదుగ, తునికి, ఉసిరి, రేల, మద్ది, వాటి కింద కలేపొదలు, బలుసుకంప, ఇంకా పేరు తెలీనివి ఎన్నో. ఎవరూ నాటింది గాదు, దానంతట అది లేచిన అడివి. ఎప్పుడో పాతోళ్లు ఆ కొండను తాడేసి కొలిచి ఇంటికొక వంతు పంచినారంట, పాదం కాడ నుంచి నెత్తి దాకా, జడపాయల మాదిరి పొడుగ్గా, ఇరవై రెండు ఇండ్లకి ఇరవై రెండు వంతులు. ఎవరి వంతులో వాళ్లే కట్టెపుల్లలు ఏరుకోవాల, ఎవరి వంతులో వాళ్లే గొడ్డుకి ఆకు కోసుకోవాల, ఇంటికి వాసం కావాలన్నా ఆ వంతులోనే. వంతు లేని ఇంటికి పొయ్యి లేదు. సుంకమ్మ వాళ్లది ఏడో వంతు.

ఏమైందంటే, ఒక ఏడు వాన మొగం చాటేసింది. బావులు అడుగంటినాయి, కొర్ర కంకి పట్టకుండానే ఎండిపాయ. ఆ ఊరికి పెద్దకాపు వెంగన్న. చెడ్డోడు గాదు, ఆ మాట ముందే చెప్తాండా, చెడ్డోడయితే కథ ఇంత దూరం వచ్చేది గాదు. పొద్దున లేస్తే ఊరికి ఏం మంచి చేద్దామా అనే ఆలోచనే, వచ్చిన చిక్కంతా అదే. మార్గశిరంలో ఒక దినం వెంగన్న కొండెక్కి చూసినాడంట. చూస్తే ఏముంది, చిరుమాను ముందే ఆకు రాల్చేసి మోడుగా నిలబడుండాది, ఏపి ఆకు మాడిపోయుండాది, ఉసిరి కొమ్మ పట్టుకుంటే పుటుక్కున ఇరుగుతాంది. టేకు ఒకటే ఇంకా పచ్చగా ఉండాది. వెంగన్నకి ఆడికాడికే తలలో దీపం ఎలిగినట్టయిందంట. కిందికి దిగొచ్చి ఊరిని కూడేసి చెప్పినాడు, ఏమబ్బా, చేన్లో నీళ్లు తక్కువైనప్పుడు ఏం చేస్తాం మనం, కలుపు తీస్తాం, తాగే నోర్లు తగ్గిస్తాం, పైరు బతుకుతాది. కొండ మాత్రం చేను గాదా? ఇంత కరువులో టేకు నిలబడింది, అంటే అది గట్టి మాను. దానికి దక్కాల్సిన నీళ్లు ఈ కంపా ఈ పుల్లా తాగేస్తాండాయి. కొండకి కలుపు తీద్దాం. టేకు ఒక్కటే ఉంచుదాం. దూలానికి దూలం, వాసానికి వాసం, రేపు పట్నం నుంచి బండ్లు మన కొండ కిందికే వస్తాయి అని. ఊరోళ్లు ఒకరి మొగం ఒకరు చూసుకున్నారంట. ఇంత తెలివి మన తాతలకి ఎందుకు రాలేదబ్బా అనుకున్నారంట. చేన్లో పుట్టి చేన్లో పెరిగినోళ్లకి ఆ మాట ఎంత బాగుంటాది చెప్పండి. నేనున్నా ఊ కొట్టేదాన్నే.

ఇంగ మొదలు పెట్టినారు. మొగోళ్లు గొడ్డలి పట్టుకుని ముందర, ఆడోళ్లు కొడవలీ తొలికా పట్టుకుని ఎనక. కొండకి అడ్డంగా మునుం పట్టినారంట, కొస మనిషి మళ్లీ సుంకమ్మే. ఏపి కొట్టేసినారు, మోదుగ కొట్టేసినారు, పొదలు ఏర్లతో పెకలించి కుప్పలేసినారు. మూడు దినాలకి ఒక వంతు అయిపోయిందంట. కింద నుంచి చూస్తే దువ్వి జడేసిన తల మాదిరి ఉండె, టేకులు వరసగా, మధ్యలో ఎర్ర నేల. సుంకమ్మకి కూడా గర్వంగానే ఉండె. లేదని చెప్తే అబద్ధం. నడుం మీద చెయ్యి పెట్టుకుని, చూసినారా, అడివిని కూడా సాళ్లు పట్టించినాం అనిందంట. ఒకటో వంతు, రెండో వంతు, మూడు, నాలుగు, అట్ల ఆరు వంతులు తీసినారు. ఏడోది సుంకమ్మది.

ఏడో వంతులో కొస కూచుని ఒక కలేపొద కింద చెయ్యి దూర్చిందంట, మొదలు పట్టి పీకుదామని. చెయ్యి దూర్చింది దూర్చినట్టే నిలబడిపాయ. లోపల చల్లగా ఉండాది. రాలిన ఆకు, ఆ ఆకు కింద మురిగిన ఆకు, ఆ కింద మన్ను, మన్నులో చెమ్మ. ఏడాదిగా చినుకు లేదు, అయినా చెమ్మ. ఆ చెమ్మలో జానెడు టేకు మొలక ఒకటి చేతికి తగిలిందంట, పొద చాటున దాక్కుని. సుంకమ్మ చెయ్యి తీసింది. లేచి చరచరా నడిచి ఒకటో వంతుకి పోయింది. పద్దెనిమిది దినాల కిందట ఆమె చేత్తో తీసిన వంతు. తొలికతో తవ్వింది. బెత్తెడు తవ్వింది, మూరెడు తవ్వింది. మన్ను పొయ్యిలో బూడిద మాదిరి ఎచ్చగా, పొడిపొడిగా వస్తాంది. ఆడ కూచుని చాలాసేపు ఆ మన్ను వేళ్ల సందుల్లోంచి జారవిడిచిందంట. కలుపు తీసిన చేన్లో మన్ను ఎట్లుంటాదో ఆమెకి తెలుసు గదా, మెత్తగా, చల్లగా, పైరు నీడలో. ఇది అది గాదు. తిరిగొచ్చి మునుంలో అందరికీ చెప్పింది, లేయండమ్మా, ఈ వంతు తీసేది లేదు.

ఆమె పక్కన కూచునేది లాలెమ్మ, చిన్నది, నోటి దురుసు. ఏంక్కా, ఆరు ఇండ్లోళ్ల వంతుల్లో నడుం పడిపోయేట్టు తీపించి, నీ వంతు కాడికొచ్చేటప్పటికి జాలి పుట్టిందా అనింది. జాలి గాదు మే, బుద్ధి పుట్టింది, కొంచెం ఆలస్యంగా పుట్టింది అనిందంట సుంకమ్మ. ఈ మాట కిందికి పోయి వెంగన్న చెవిన పడింది. ఆయన రొప్పుకుంటా కొండెక్కి వచ్చినాడు. ఏం కోడలా, ఏడో వంతు నీదనంగానే నడుం నొప్పి వచ్చిందంట గదా అన్నాడు. నడుం బాగానే ఉండాది మామా, మనం చేసింది తప్పు. చేన్లో పైరు నేలను కప్పుకుంటాది, కలుపు పోయినా నీడ పోదు. ఈడ కప్పేదాన్నే పీకి పారేసినాం. రా, వచ్చి ఈ పొద కింద చెయ్యి పెట్టి చూడు, పోయి ఒకటో వంతులో చెయ్యి పెట్టి చూడు అనింది. వెంగన్న చూడొచ్చు గదా, చూస్తే అయిపోయేది. కానీ పెద్దకాపు అంతమంది ఆడోళ్ల ముందర గొంతుకూచుని పొద కింద తడుముకుంటాడా? నవ్వినాడు. నాకు మన్ను నేర్పిస్తాండావా అన్నాడు. ఆమె అనింది, పైరు నాలుగు నెలలది, కోసుకుంటాం, మళ్లీ ఇత్తుకుంటాం. ఈ మానులు మన అవ్వ కంటే ముందర పుట్టినవి, ఎన్ని కరువులు చూసినాయో, ఒకదాన్నొకటి తినేసుకోకుండా ఇంతకాలం ఎట్ల నిలబడినాయో నీకు తెలుసా మామా, నాకు తెలుసా? తెలీకుండానే పీకుతాండాం.

వెంగన్నకి కోపం వచ్చింది. నీ ఒక్క వంతు మిగిలితే ఆ గింజలు గాలికొచ్చి అందరి వంతుల్లో మొలుస్తాయి, నీ కలుపు ఊరికంతా కలుపు అన్నాడు. ఆ మాట నిజమే, పక్క చేను బీడుంటే మన చేన్లో ఎంత గరిక వస్తాదో మనకు తెలీదా. మొలవనీ అనిందంట సుంకమ్మ. మొలవనీ, మీరు పీక్కోండి, నా వంతులో మాత్రం తొలిక పడదు. పొదల ముందర నిలబడింది, చేతిలో కొడవలి. ఎవరినీ ఏం చేసేది గాదు గానీ, మనిషి జరిగేట్టు లేదు. ఆడమనిషి మీద చెయ్యి వేస్తే బాగుండదని వెంగన్న ఒక మాట పెట్టినాడు. సరే, ఐదేళ్లు. ఐదో వినాయక చవితికి ఊరంతా కొండెక్కుతాం. నీ వంతు మా వంతుల కంటే ఏ పిసరు తక్కువున్నా సరే, అది నా వంతులో కలిసిపోతాది. తరవాత నీ పొయ్యికి పేడకళ్లు ఏరుకుంటావో, ఏడ్చుకుంటావో నాకు తెలీదు. సుంకమ్మ అడిగింది, మీది తక్కువైతే? ఊరంతా నవ్వినారంట. వెంగన్న కూడా నవ్వి, అప్పుడు నువ్వు అడిగింది చేస్తాలే కోడలా అన్నాడు. నాకేం వద్దు, నా వంతు జోలికి రావొద్దు, అంతే అనింది. మద్దిలేటి నెత్తి మీద తుండుగుడ్డ తీసి మొగం తుడుచుకున్నాడంట. ఏమడిగినా ఇస్తానంటే ఏమీ వద్దనే ఆడదాన్ని యాడా చూడలేదు, పైగా నా ఇంట్లోనే ఉండాది అన్నాడంట.

ఆ పొద్దు నుంచి సుంకమ్మని మునుంకి పిలవలేదు. కొసన లాలెమ్మని కూచోబెట్టి మిగతా పదైదు వంతులూ తీసేసినారు. చేతిలో పని లేకుండా కూచోవడం ఆమెకి ఎట్లుండెనో మీరే ఆలోచన చెయ్యండి. సరే, మరుసటేడు వాన బాగా పడింది. పడితే ఏమైందనుకున్నారు? కలుపు తీసిన వంతుల్లో టేకు చేటంత చేటంత ఆకులేసి ఇరగబడి లేచింది. కొండ కింద నిలబడి చూస్తే కళ్లు చల్లబడేవంట. సుంకమ్మ వంతు మాత్రం ఏదో నలిగిన పాత చీర మాదిరి, ఆడొక పచ్చ, ఈడొక గోధుమ రంగు. కరువులో చచ్చిన ఉసిరి మోళ్లు అట్లే నిలబడుండాయి. ఆమె అత్త అచ్చమ్మ వాకిట్లో కూచుని పొయ్యేవాళ్లకీ వచ్చేవాళ్లకీ చెప్పేదంట, మా కోడలు మానులకి పురుడు పోస్తాందమ్మా, అందుకే కూలికి పోవడం లేదు. సుంకమ్మ తల వంచుకుని కొండకి పోయి తల వంచుకుని వచ్చేదంట. ఆ ఏడు ఆమెకి కూడా అనుమానం వచ్చింది. తప్పు నాదేనేమో అని రెండు మూడుసార్లు కొడవలి తీసింది గూడా. తీసి, మళ్లీ ఆ పొద కింద చెయ్యి పెట్టి చూసి, కొడవలి చూర్లో పెట్టేసేదంట. ఆ చెయ్యి చెప్పింది తప్ప ఆమెకి ఇంకో ఆధారం లేదు.

ఒక్క చవితి పండగప్పుడు మాత్రం ఊరి ఆడోళ్లంతా ఆమె వంతుకే వచ్చేవాళ్లంట. పూజకి పత్రి కావాల గదా, మద్దాకు, మారేడాకు, రేగాకు, ఇరవై ఒక్క రకాలు. టేకాకు పెట్టి వినాయకుడికి ఏం పూజ చేస్తారు? లాలెమ్మ కొంగు చాటున గంపతో వచ్చి, అక్కా, మా ఆయనకి చెప్పొద్దు అనేదంట. కోసుకో మే, వినాయకుడికి కూడా కలుపు తీసినోళ్లు మీరే గదా అనేది సుంకమ్మ. నవ్వే నవ్వు గాదు గానీ, పొమ్మని మాత్రం ఎప్పుడూ అనలేదు.

రెండో కరువు వచ్చింది. ఈసారి టేకు పుష్యానికే పసుపుపచ్చగా తిరిగింది. ఏం గాదు, వానొస్తే లేస్తాది అన్నారు. మరుసటేడు అరకొర వాన పడింది, లేచింది గూడా. కానీ ఆకు చేటంత గాదు, అరచెయ్యంత. మనకి పెద్ద జరం వచ్చి తగ్గినాంక లేచి తిరుగుతాం గదా, చూసేవాళ్లు బాగైపోయినావు అంటారు, మెట్టు ఎక్కబోతే కాళ్లు వణుకుతాయి. అట్ల ఉండె ఆ టేకు. లేస్తాంది, మునుపటంత లేవడం లేదు. ఊరోళ్లకి అది కనపడలేదు, ఎందుకంటే అన్నీ ఒకే మాదిరి ఉండాయి గదా, పోల్చి చూడటానికి పక్కన ఇంకోటి లేదు. సుంకమ్మ వంతులో కూడా నష్టం లేదని గాదు. చిరుమాను కొసలు ఎండినాయి, తునికి సగం పాయ. నా దగ్గర అన్నీ బతికినాయి అని ఆమె ఎప్పుడూ చెప్పలేదంట. చచ్చింది చచ్చె. కానీ ఒకటి ఆకు రాల్చి పండుకున్నప్పుడు ఇంకోటి దాని మీద నీడ పడతా ఉండె. ఒకదాని ఏరు పైపైన తాగితే ఇంకోదాని ఏరు యాడో అడుగున తాగతా ఉండె. టేకు వంతుల్లో అట్ల గాదు. అన్నింటికీ ఒకే ఎత్తు, అన్నింటి ఏర్లూ ఒకే లోతు, ఆకలేస్తే అన్నింటికీ ఒకే పూట. ఒకే గంగాళం చుట్టూ నూరుమంది కూచున్నట్టు. గంగాళం నిండుగా ఉంటే అంత సంబడం ఇంకోటి లేదు. అడుగంటితే ఎవరు ఎవరికి పెడతారు?

మూడో కరువుకి పురుగు వచ్చింది. ఒకటో వంతులో మొదలైందంట. టేకు మొదలు కాడ సన్న పిండి రాలి ఉండె, జల్లించిన జొన్నపిండి మాదిరి. చెవి ఆనిచ్చి వింటే లోపల కరకరా కరకరా. బలమున్న మాను అయితే జిగట కార్చి పురుగుని తోసేస్తాదంట, మూడు కరువులు తిన్న మాను ఏం తోస్తాది. ఆ మాను తిని పక్క మానుకి, దాన్ని తిని దాని పక్కదానికి. పురుగు మాత్రం ఎందుకు ఆగాల, వరసగా ఇస్తరేసి పెట్టినట్టు ఉండాది గదా. ఆరు వంతులూ తినుకుంటా వచ్చింది. ఏడో వంతు పొలిమేరలో ఎనిమిది టేకులు పాయ, వాటి తరవాత ఏపి అడ్డమొచ్చె, మోదుగ అడ్డమొచ్చె, లోపలుండే పన్నెండు టేకులు దానికి దొరకలేదు. కానీ కొండెనక నుంచి చుట్టుకొచ్చి ఎనిమిదో వంతు కాడ నుంచి ఇరవై రెండో వంతు దాకా ఊడ్చేసింది. వెంగన్న అప్పుడు కూడా, రానీ, వాన రానీ అన్నాడంట. పాపం, గొంతు మాత్రం తగ్గిపోయుండె.

ఐదో ఏడు వాన వచ్చింది, అదునుకే వచ్చింది. ఐదో చవితికి పొద్దున్నే పూజలు కానిచ్చుకుని ఊరంతా కొండెక్కినారు. కొండ నిండా టేకు మోళ్లు, ఊడిన బెరడు, తట్టితే డొల్ల చప్పుడు. వాన నీళ్లకి నేల కోసుకుపోయి రాళ్లు బయటపడుండాయి. మధ్యలో పాదం నుంచి నెత్తి దాకా ఒక్క పచ్చ పాయ. అందంగా ఉందని చెప్పను, ఆడాడ మోళ్లు ఉండాయి, ఆడాడ కొమ్మలు ఎండుండాయి. కానీ బతికుండాది. ఒకాయన చెప్పు తీసి రాయి మీద కూచుని అట్లే చూస్తా ఉండిపోయినాడంట. వెంగన్నే ముందర నోరు తెరిచినాడు. ఓడిపోయినాం కోడలా అన్నాడు. ఆ మాట అనడానికి కూడా పెద్ద మనసు కావాల, కాదనను. అని, ఇంకో మాట అన్నాడు చూడు, ఆడొచ్చింది అసలు సంగతి. అయిందేదో అయింది. నీ వంతులో ఏ మాను అన్నింటికంటే బాగా నిలబడిందో చెప్పు కోడలా, ఐదేళ్లుగా దినామూ చూస్తాండేదానివి నువ్వే. ఈసారి కొండంతా అది ఒక్కటే పెడతాం.

సుంకమ్మ ఆయన మొగం చూసింది, ఊరోళ్ల మొగాలు చూసింది. అందరూ మెడలు చాచి నిలబడుండారు, చెప్తే వినేసి గునపాలు తెచ్చుకోవడానికి. చెప్పను అనింది. వినపడలేదేమో అని వెంగన్న మళ్లీ అడిగినాడు. చెప్పను మామా. మద్దిలేటి పక్కకొచ్చి, ఏదో ఒకటి చెప్పవే, గెలిచినాంక కూడా ఏందీ మొండితనం అని గొణిగినాడంట. వెంగన్న మొగం ఎర్రగా తిరిగింది. ఊరు పొయ్యి ఆరిపోయుండాది, పిల్లాజెల్లా ఉండారు, తెలిసి కూడా చెప్పవా, నీకు అంత పంతమా? చెప్పకపోతే ఈ వంతు ఊరిది, పందెం లేదు గిందెం లేదు అన్నాడు. మీది తక్కువైతే నేను అడిగింది చేస్తానన్నావు, అప్పుడు ఏమడిగినాను మామా నేను? అనింది. నీ వంతు జోలికి రావొద్దని అన్నాడు వెంగన్న. మరి వచ్చినావు గదా? ఊరి కోసం వచ్చినా అన్నాడు. నేను చెప్పనిది కూడా ఊరి కోసమే. వంతు కావాలంటే తీసుకో, ఈ పొద్దే తీసుకో, రేపటి నుంచి పేడకళ్లు ఏరుకుంటా. నోరు నాది, అది ఏ వంతులోనూ లేదు. ఆ ఒక్క మాను పేరు మాత్రం నా నోట్లో నుంచి రాదు. చూడండి, ఐదేళ్లు కూలి మానుకుని, మాటలు పడి, దేని కోసం నిలబడిందో దాన్నే చేతిలో పెట్టి తీసుకోమంటాంది. అత్త అచ్చమ్మ కూడా నోరు మూసుకుందంట, ఆ పొద్దు ఒక్కపొద్దు.

నువ్వు చెప్పేదేంది, మాకు కళ్లు లేవా అని వెంగన్న ఏడో వంతులోకి నడిచినాడు. పోండి, పోవద్దన్నానా, ఎవరి కంటికి ఏది కనపడితే అది చూసుకోండి అనింది సుంకమ్మ. ఇంగ చూడు, ఊరంతా దూరినారు. వెంగన్న ఒక ఏపిని కౌగిలించుకుని, ఇదే, ఇనుము, ఇదే పెడదాం అన్నాడు. మూడో వంతు ఆయన అన్నాడు, అది కొసలెండి ఉండాది కనపడలేదా, మోదుగ చూడు నవనవలాడతాంది. పదో వంతు ముసలాయన, మోదుగతో దూలం వేస్తావా నీ తలకాయ, మద్ది పెట్టండి అన్నాడు. ఒకడు రేల అన్నాడు. లాలెమ్మ మొగుడు బలుసుకంప అన్నాడంట, ఎందుకంటే అది చావడం ఆయన ఎప్పుడూ చూడలేదంట. వెంగన్న గట్టిగా, నేను చెప్తాండా గదా ఏపి అని అన్నాడు. అప్పుడు మూడో వంతు ఆయన తుండు దులిపి భుజాన వేసుకుని, మామా, నీ మాట ఒకసారి విన్నాం, కొండ బోడి చేసుకున్నాం, ఈసారి నా వంతులో నా మాటే అన్నాడు. ఐదేళ్ల నుంచి కడుపులో పెట్టుకున్నదంతా ఆ పూట బయటికొచ్చింది. నా వంతులో నా మాట, నా వంతులో నా మాట, ఇరవై ఒక్క గొంతులు. పొద్దు వాలేదాకా అరుచుకుని, ఎవరికి నచ్చిన గింజ వాళ్లు మూట కట్టుకుని దిగిపోయినారు. ఏడో వంతు తీసుకుంటామన్న సంగతి ఎవరికీ గుర్తు లేదు. వెంగన్నకి గుర్తుండిందేమో, ఆయన కూడా ఏపి గింజల మూట మోస్తా, తల వంచుకుని దిగినాడంట.

దిగేటప్పుడు లాలెమ్మ ఎనకనే వచ్చి, అక్కా, నాకొక్కదానికే చెప్పు, ఏ మాను అని అడిగింది. సుంకమ్మ అనింది, ఏదని చెప్పేది మే? మొదటి కరువుకి టేకు నిలబడె, అందుకే గదా మీరు దాన్ని ఒక్కదాన్నే ఉంచుకునింది. రెండోదానికి ఏపి నిలబడె. మూడోదానికి ఏపి కూడా దిగజారి, మోదుగా రేలా నిలబడె. వచ్చే కరువు దేన్ని ఏడిపిస్తాదో, దేన్ని వదిలేస్తాదో నాకేం తెలుసు, అదేమన్నా నాకు చుట్టమా? మరి ఆ మాటే ఆడ చెప్పొచ్చు గదక్కా, ఊరకే వంతు పోగొట్టుకోబోతివే అనింది లాలెమ్మ. చెప్తే ఏమనేవాళ్లు? అట్లయితే మోదుగ పెడదాం పదండి అనేవాళ్లు. లాలెమ్మ కొంచెం దూరం ఆలోచన చేసుకుంటా నడిచింది. అవునక్కా, అనేవాళ్లే అనింది. మరుసటి దినం కొర్ర చేన్లో మునుం పట్టేటప్పుడు కుడిచేతి కొస ఖాళీగా పెట్టి సుంకమ్మకి కబురంపించింది.

అట్ల ఏపోడు ఏపి పెట్టె, మద్దోడు మద్ది పెట్టె, ఒకరి గింజ ఇంకొకరి వంతులోకి గాలికి పాయ, పక్షి రెట్టలో పాయ, మొత్తానికి కొండ మళ్లీ కలగలిసి లేచిందంట. ఇరవై ముప్పై ఏండ్లు పట్టింది అనుకో. ఇప్పుడు ఆ ఊరోళ్లు మేం తెలిసే అన్ని రకాలూ కలిపి పెట్టినాం అని చెప్పుకుంటారంట. చెప్పుకోనీ పాపం. తెలివితో కలవలేదు, కొట్లాడుకుని కలిసింది. ఈ కథ నేను యాడ చెప్పినా కడాకు ఎవరో ఒకరు అడగనే అడుగుతారు, అయినా నిజంగా గట్టి మాను ఏది అని. అదో, నువ్వు కూడా నోరు తెరుస్తాండావు. ఎందుకు అడుగుతాండావో నాకు తెలుసు, కొండ కింద రెండెకరాలు బీడుండాది గదా మీకు. నేను చెప్పనంటే చెప్పను.